వెబ్ నుంచి కాపీ చేసిన అంకెలు: శుభ్రం చేసే పద్ధతుల్లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

2011 జనగణన ప్రకారం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల జనాభా మొత్తం 8,45,80,777. జిల్లాలవారీ పట్టికను ఒక వెబ్ పేజీ నుంచి కాపీ చేసి, స్ప్రెడ్‌షీట్‌లో పేస్ట్ చేసి, అడుగున సమ్ ఫార్ములా పెడితే ఈ సంఖ్యే రావాలి. అయితే కర్నూలు పక్కనున్న 40,53,463 చివరా, నెల్లూరు పక్కనున్న 29,63,557 చివరా కంటికి కనిపించని ఖాళీ ఒక్కొక్కటి అంటుకుని వచ్చిందనుకోండి. అప్పుడు షీట్ చూపే మొత్తం 7,75,63,757. డెబ్బై లక్షల పైచిలుకు జనం లెక్కలోంచి జారిపోయినా ఎక్కడా హెచ్చరిక కనిపించదు, ఎందుకంటే సమ్ ఫంక్షన్ తనకిచ్చిన వరుసలో టెక్స్ట్‌గా ఉన్న సెల్‌ను లేనట్టే దాటిపోతుంది. కాలమ్ మొత్తం టెక్స్ట్‌గా వచ్చి ఉంటే జవాబు సున్నా అయి, తప్పు వెంటనే తెలిసేది. కొన్ని సెల్‌లు సంఖ్యలుగా, కొన్ని టెక్స్ట్‌గా రావడంలోనే అసలు ప్రమాదం ఉంది.

ఈ అంకెలను శుభ్రం చేయడానికి చాలా దారులున్నాయి. వాటిలో ఏది త్వరగా అవుతుందో చూసి ఎంచుకోవడం మనకు అలవాటు. నేను మాత్రం ప్రతి పద్ధతినీ రెండు ప్రశ్నలతో తూచి చూస్తాను. ఒక సెల్‌ను మార్చలేకపోయినప్పుడు ఆ సంగతి పైకి చెబుతుందా, లేక చెప్పకుండా ఊరుకుంటుందా అన్నది మొదటి ప్రశ్న. అదే పట్టికను వచ్చే నెల మళ్లీ తెచ్చుకోవలసి వస్తే ఈ శ్రమంతా మళ్లీ మొదటి నుంచి పడాలా అన్నది రెండోది. వేగం ఈ రెంటి తరువాతే.

ముందు లోపం ఏమిటో తెలుసుకోవాలి

మామూలుగా సంఖ్యలు సెల్‌లో కుడి అంచుకు, టెక్స్ట్ ఎడమ అంచుకు చేరతాయి. వెబ్ పేజీ నుంచి పేస్ట్ చేసినప్పుడు ఆ పేజీలోని అమరిక కూడా వెంట వస్తుంది కనుక ఈ గుర్తును పూర్తిగా నమ్మడానికి లేదు. అంతకన్నా గట్టి పరీక్ష ఒకటుంది. ఒకే కాలమ్ మీద కౌంట్, కౌంట్‌ఏ ఫంక్షన్లు రెండూ వేసి చూడండి. మొదటిది సంఖ్యలను మాత్రమే లెక్కిస్తుంది, రెండోది ఖాళీ కాని సెల్‌లన్నిటినీ లెక్కిస్తుంది. పై ఉదాహరణలో కౌంట్ 21 అనీ కౌంట్‌ఏ 23 అనీ చూపుతాయి కాబట్టి, రెండు సెల్‌లు సంఖ్యలు కాలేదని అక్కడికక్కడే తేలిపోతుంది. లిబ్రెఆఫీస్ క్యాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్ వాడేవారికి ఇంకా సులువు. కంట్రోల్‌తో పాటు ఎఫ్8 నొక్కితే సంఖ్యలు నీలంగానూ, టెక్స్ట్ నల్లగానూ, ఫార్ములాలు ఆకుపచ్చగానూ కనిపిస్తాయి.

ఏ సెల్‌లు మారలేదో తెలిశాక, వాటిలో ఏం దాగి ఉందో చూడాలి. లెన్ ఫంక్షన్ అక్షరాల లెక్క చెబుతుంది. 40,53,463 అనే సంఖ్య కామాలతో కలిపి తొమ్మిది అక్షరాలు. లెన్ పది చూపితే అదనంగా ఒకటి ఉన్నట్టే. రైట్ ఫంక్షన్‌తో చివరి అక్షరాన్ని తీసి, దాన్ని యూనికోడ్ ఫంక్షన్‌కు ఇస్తే ఆ అక్షరపు కోడ్ వస్తుంది. మామూలు ఖాళీ కోడ్ 32. వెబ్ నుంచి వచ్చిన వాటిలో ఎక్కువసార్లు కనిపించేది 160, అంటే నాన్‌బ్రేకింగ్ స్పేస్. సంఖ్య, దాని ప్రమాణం రెండు పంక్తులకు విడిపోకుండా ఉండడానికో, పట్టికలో ఖాళీ గడి కూలిపోకుండా ఉండడానికో పేజీ తయారుచేసేవారు దీన్ని పెడతారు. ఫ్రెంచ్ పేజీల్లో వేలను విడదీయడానికి వాడే సన్నని ఖాళీ కోడ్ 8239. వెడల్పే లేని ఖాళీ 8203. కీబోర్డు మీది హైఫన్‌కు బదులు అచ్చు పద్ధతిలో వాడే రుణ గుర్తు 8722. దీన్ని చూసిన స్ప్రెడ్‌షీట్ రుణ సంఖ్యను సంఖ్యగా గుర్తించకపోవచ్చు.

చాలామంది పొరపడే చోటు ఇంకొకటి ఉంది. సెల్‌లను ఎంచుకుని ఫార్మాట్‌ను టెక్స్ట్ నుంచి నంబర్‌కు మార్చినంత మాత్రాన లోపలి టెక్స్ట్ సంఖ్య కాదు. ఫార్మాట్ అనేది లోపలున్న విలువను ఎలా చూపాలో చెబుతుందే తప్ప, ఆ విలువ రకాన్ని మార్చదు. సెల్‌లో ఎఫ్2, ఎంటర్ నొక్కి మళ్లీ నమోదు చేసినట్టు చేస్తేనే మార్పు జరుగుతుంది. అదీ లోపల 160 లాంటి అక్షరం లేనప్పుడే.

కాపీ చేయకుండా ఉండే వీలుందా?

ఏ పద్ధతినైనా తలపెట్టే ముందు ఆ పేజీలో సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసి రాసే సాదా ఫైల్) గానీ ఎక్సెల్ ఫైల్ గానీ దించుకునే లంకె ఉందేమో వెతకండి. ప్రభుత్వ గణాంకాల పేజీలు చాలావాటిలో అది ఏదో ఒక మూల ఉంటుంది. దించుకున్న ఫైల్‌లో అలంకారపు ఖాళీలు, ఫుట్‌నోట్ గుర్తులు తక్కువగా ఉంటాయి. ఈ అయిదు నిమిషాల వెతుకులాట తరువాతి గంట శ్రమను తప్పించగలదు. అలాంటి ఫైల్ లేనప్పుడే కింద చెప్పే పద్ధతుల అవసరం వస్తుంది.

కాపీ చేయక తప్పనప్పుడు ఒక జాగ్రత్త ప్రతి పద్ధతికీ వర్తిస్తుంది. పేస్ట్ చేసిన షీట్‌ను అలాగే ఉంచి, దాని నకలు మీదనే పని చేయాలి. ఏ రోజు, ఏ పేజీ నుంచి తెచ్చారో ఆ షీట్ పైవరుసలో రాసి పెట్టుకోవాలి. వెబ్ పేజీలు మారిపోతాయి, అప్పుడు మన దగ్గరున్న ముడి నకలే సాక్ష్యం.

చేతి పద్ధతులు: చిన్న పట్టికలకు చాలు, కానీ చెప్పకుండా తప్పుతాయి

ఎక్సెల్‌లో టెక్స్ట్‌గా ఉన్న సంఖ్య మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది. దాన్ని నొక్కి కన్వర్ట్ టు నంబర్ ఎంచుకుంటే పని అయిపోతుంది. చివర నాన్‌బ్రేకింగ్ స్పేస్ ఉన్న సెల్‌ను మాత్రం ఎక్సెల్ సంఖ్యగా ఊహించనైనా లేదు కాబట్టి అక్కడ ఆ త్రికోణమే రాదు. అంటే మనకు అత్యంత అవసరమైన చోట ఈ పద్ధతి కనబడకుండా పోతుంది.

ఇంకొక పాత ఉపాయం ఒకటితో గుణించడం. ఒక ఖాళీ సెల్‌లో 1 రాసి కాపీ చేసి, అంకెల కాలమ్‌ను ఎంచుకుని, పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై నొక్కుతారు. వేల వరుసలున్నా క్షణంలో అవుతుంది. కానీ మార్చలేని సెల్‌లను ఇది ఏ లోపమూ చూపకుండా టెక్స్ట్‌గానే వదిలేస్తుంది. మధ్యలో నిజంగా ఖాళీగా ఉన్న సెల్‌లలో సున్నా నింపుతుంది. సమాచారం లేని జిల్లా ఒక్కసారిగా సున్నా జనాభా గల జిల్లా అయిపోతే మొత్తం మారదు, సగటు మాత్రం మారిపోతుంది. ఖాళీలు లేవని ముందే చూసుకున్న కాలమ్‌కు తప్ప ఈ ఉపాయాన్ని నేను సూచించను.

టెక్స్ట్ టు కాలమ్స్ గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఒక్కో కాలమ్‌కు విడిగా చేయాలి. దాని అడ్వాన్స్‌డ్ అమరికలో దశాంశ గుర్తు, వేల గుర్తు ఏవో చెప్పే వీలుంది, 1250- అంటూ చివర రుణ గుర్తు వచ్చే పాత నివేదికలను సరిచేసే వీలూ ఉంది. ఈ రెండు అవసరాలకు అది నిజంగా మంచి సాధనం.

వీటన్నిటిలో ఫైండ్ అండ్ రీప్లేస్‌కు నేను పెద్దపీట వేస్తాను. ఏదైనా ఒక సెల్‌లో ఎఫ్2 నొక్కి, ఆ కనిపించని ఖాళీని మౌస్‌తో ఎంచుకుని కాపీ చేసి, ఫైండ్ గడిలో పేస్ట్ చేసి, రీప్లేస్ గడిని ఖాళీగా వదిలి, రీప్లేస్ ఆల్ నొక్కితే సరి. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 0160 కొట్టినా అదే అక్షరం వస్తుంది. అక్షరం తొలగగానే ఎక్సెల్ ఆ సెల్‌ను కొత్తగా నమోదు చేసినట్టు చదువుకుంటుంది కనుక, ఫార్మాట్ టెక్స్ట్‌గా లేకపోతే అది అక్కడే సంఖ్య అయిపోతుంది. ఎన్ని చోట్ల మార్చిందో కూడా చెబుతుంది. ఆ లెక్కను, కౌంట్‌ఏ నుంచి కౌంట్‌ను తీసివేసిన తేడాతో పోల్చుకుంటే పని పూర్తయిందో లేదో తెలుస్తుంది. రూపాయి గుర్తు, చివరి /- గుర్తు, చదరపు కుండలీకరణాల్లోని ఫుట్‌నోట్ అంకెలు కూడా ఇదే దారిలో పోతాయి. ఎక్సెల్‌లో ఫైండ్ గడిలో చదరపు కుండలీకరణాల మధ్య ఒక నక్షత్రం గుర్తు పెడితే [3], [12] లాంటివన్నీ ఒకేసారి దొరుకుతాయి.

ఆ నక్షత్రమే ప్రమాదం కూడా. కొన్ని పట్టికల్లో తాత్కాలిక అంచనాల పక్కన నక్షత్రం పెడతారు. దాన్ని తీసేద్దామని ఫైండ్ గడిలో ఒట్టి నక్షత్రం రాసి రీప్లేస్ ఆల్ నొక్కితే, ఎక్సెల్ దాన్ని ‘ఏదైనా సరే’ అన్న అర్థంలో తీసుకుని ఎంచుకున్న సెల్‌లన్నిటినీ తుడిచేస్తుంది. నక్షత్రం ముందు ~ గుర్తు చేర్చి వెతకాలి. అలాగే మొత్తం షీట్ మీద కాక, అవసరమైన కాలమ్‌ను మాత్రమే ఎంచుకుని ఈ పని చేయాలి. లేకపోతే జిల్లా పేర్లలోని ఖాళీలు కూడా పోయి, తూర్పు గోదావరి రెండు మాటలు అతుక్కుపోతాయి.

ఫార్ములాలు: మొరాయించడమే వీటి మంచి గుణం

వేరే కాలమ్‌లో ఫార్ములా రాస్తే ముడి విలువ పక్కనే శుభ్రమైన విలువ కనిపిస్తుంది. మార్చలేని చోట వాల్యూ లోపం కళ్లెదుట నిలుస్తుంది. నా మొదటి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పే పద్ధతి ఇదే.

ట్రిమ్, క్లీన్ ఫంక్షన్ల మీద చాలామందికి అతినమ్మకం ఉంటుంది. ట్రిమ్ తీసేది కోడ్ 32 గల మామూలు ఖాళీలను మాత్రమే. క్లీన్ తీసేవి 0 నుంచి 31 వరకు కోడ్‌లున్న అదృశ్య అక్షరాలు మాత్రమే. 160 ఈ రెంటికీ చిక్కదు. అందుకే ఒక అక్షరం బదులు మరొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో, కోడ్‌ను అక్షరంగా మార్చే యూనిక్యార్‌తో 160 ఇచ్చి దాన్ని విడిగా తొలగించాలి, ఆ తరువాత ట్రిమ్, చివరకు టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చే వాల్యూ ఫంక్షన్ వేయాలి. క్యార్ 160 అని కూడా రాయవచ్చు గానీ, మ్యాక్ అక్షరపట్టికలో ఆ కోడ్‌కు మరో గుర్తు ఉండేది కాబట్టి రెండు రకాల కంప్యూటర్ల మధ్య తిరిగే ఫైళ్లకు యూనిక్యార్ మేలు. సబ్‌స్టిట్యూట్ దగ్గరే ఆగిపోతే వచ్చేది చూడడానికి శుభ్రంగా ఉన్న టెక్స్ట్ మాత్రమే, చివరి వాల్యూ లేకుండా అది సంఖ్య కాదు.

విదేశీ పేజీల నుంచి తెచ్చే అంకెలకు, ఎక్సెల్ 2013తో వచ్చిన నంబర్‌వాల్యూ ఫంక్షన్ చక్కగా ఉపయోగపడుతుంది. దశాంశ గుర్తు ఏది, వేల గుర్తు ఏది అని దానికి మనమే చెబుతాం. జర్మనీలో ఉద్యోగం చేసే తెలుగువారు తమ జీతపు పత్రాన్నో, బ్యాంకు ఖాతా పట్టికనో మన దేశపు అమరిక ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే 1.234,56 అన్నది టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. అది నయం, కనీసం కనిపిస్తుంది. 1.234 అన్న వెయ్యిన్నీ రెండువందల ముప్ఫై నాలుగు మాత్రం ఒకటింబావు కూడా కాని సంఖ్యగా మారి, సరైన సంఖ్యలా కుడి అంచున కూర్చుంటుంది. ఇలాంటి పట్టికకు చేతి పద్ధతుల జోలికి పోకుండా, ముందు కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ ఇచ్చి, విలువలను మాత్రమే పేస్ట్ చేసి, ఆపైన నంబర్‌వాల్యూ వాడాలి. అయితే ఖాళీ సెల్‌కు ఈ ఫంక్షన్ సున్నా ఇస్తుందని గుర్తుంచుకుని, ఖాళీలను ముందే ఇఫ్‌తో పక్కకు తప్పించాలి.

గూగుల్ షీట్స్ వాడేవారిలో, అక్షరాల నమూనా చెప్పి మార్పించే రెజెక్స్‌రీప్లేస్ ఫంక్షన్‌తో ‘అంకెలు, చుక్క తప్ప మిగతావన్నీ తీసేయి’ అని రాయడం బాగా వ్యాపించింది. ఒక్క వరుసలో అన్ని చెత్తలూ పోతాయి కనుక ఇది ఆకర్షిస్తుంది. నేను దీనికి గట్టిగా వ్యతిరేకిని. 1,234[5] అన్నది దీనివల్ల 12345 అవుతుంది. కుండలీకరణాల్లో రాసిన (500) అనే నష్టం 500 లాభంగా మారుతుంది. 12–15 అన్న వ్యవధి 1215 అవుతుంది. 1.2 కోట్లు అన్నది ఒట్టి 1.2గా మిగులుతుంది. ‘రూ. 1,250’ లోని చుక్క కూడా నిలిచిపోవడంతో .1250 వచ్చి, పన్నెండువందల యాభై రూపాయలు పదమూడు పైసలకు లోపు చేరతాయి. ఇన్ని తప్పుల్లో ఒక్కటి కూడా లోపంగా కనిపించదు, ప్రతి సెల్‌లోనూ ఏదో ఒక సంఖ్య వచ్చేస్తుంది. ఏది తీసేయాలో పేరు పెట్టి చెప్పే సబ్‌స్టిట్యూట్ పొడవుగా ఉన్నా, మనం ఊహించని అక్షరం ఎదురైతే ఆగిపోతుంది. ఆ ఆగడమే మనకు కావాలి. రెజెక్స్‌రీప్లేస్‌నే వాడాలనుకుంటే, తీసేయవలసిన అక్షరాలను మాత్రమే అందులో రాయండి. ఇప్పటికే సంఖ్యగా ఉన్న సెల్ ఇస్తే ఆ ఫంక్షన్ ఒప్పుకోదు కనుక ముందు దాన్ని టెక్స్ట్‌గా మార్చి ఇవ్వాలి.

నెలనెలా చేసే పనికి పవర్ క్వెరీ

మార్కెట్ యార్డు ధరలో, బ్యాంకు వడ్డీ రేట్లో, ఒకే పేజీ నుంచి ఒకే పట్టికను పదే పదే తెచ్చుకోవలసి వస్తే నా రెండో ప్రశ్న ముందుకొస్తుంది. బయటి పట్టికలను తెచ్చి సరిచేసే సాధనంగా ఎక్సెల్ 2016 నుంచి లోపలే ఉన్న పవర్ క్వెరీలో మనం చేసే ప్రతి మార్పూ ఒక మెట్టుగా నమోదవుతుంది. 160ని తొలగించడం, పై వరుసను శీర్షికగా మార్చడం, ఫలానా దేశపు అమరిక ప్రకారం సంఖ్యగా చదవమనడం, ఇవన్నీ ఒక్కసారి అమర్చుకుంటే వచ్చే నెల రిఫ్రెష్ నొక్కడమే మిగులుతుంది. మార్చలేని విలువ దగ్గర ఎర్రర్ అని రాస్తుంది కాబట్టి మొదటి ప్రశ్నలోనూ నెగ్గుతుంది. నేర్చుకోవడానికి ఒకటి రెండు సాయంత్రాలు పడుతుంది, మూడోసారి చేసే పనికే ఆ సమయం తిరిగి వచ్చేస్తుంది. విండోస్ ఎక్సెల్‌లో ఉన్న వసతులన్నీ మ్యాక్‌లో ఒకే తీరుగా లేవు కనుక, మ్యాక్ వాడేవారు ముందు తమ ఎక్సెల్‌లో వెబ్ నుంచి తెచ్చే వీలుందో లేదో చూసుకోవాలి.

దీనితో ఒక జాగ్రత్త అవసరం. పట్టిక తెరిచిన వెంటనే పవర్ క్వెరీ మొదటి 200 వరుసలను చూసి, ఏ కాలమ్ ఏ రకమో తానే నిర్ణయించి, చేంజ్‌డ్ టైప్ అనే మెట్టును కలుపుతుంది. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లలో ఆ సున్నా అక్కడే పోతుంది. నేను ఆ మెట్టును ప్రతిసారీ తీసేసి, రకాలను చేత్తో ఇస్తాను.

గూగుల్ షీట్స్‌లోని ఇంపోర్ట్‌హెచ్‌టీఎంఎల్ పేజీలోని ఫలానా పట్టికను నేరుగా తెస్తుంది, ఫైల్ తెరిచి ఉన్నంతసేపు గంటకోసారి కొత్త విలువల కోసం చూస్తుంది. ఇంటి అవసరాలకు బాగుంటుంది. కానీ పేజీలో పట్టికల వరుస మారితే, మూడో పట్టిక స్థానంలో వేరే పట్టిక వచ్చి కూర్చుంటుంది. నివేదికలో అచ్చయ్యే అంకెలకు దీన్ని ఆధారంగా పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

వేల వరుసలు, రకరకాల రాతలు కలిసిన పట్టిక ఒక్కసారే బాగు చేయవలసి వస్తే ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాధనం చూడదగ్గది. మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది, ఒక కాలమ్‌లో ఎన్ని సంఖ్యలు, ఎన్ని టెక్స్ట్‌లు, ఎన్ని ఖాళీలు ఉన్నాయో విడదీసి చూపుతుంది, చేసిన మార్పుల చరిత్రను దాచుకుని మరో పట్టికకు అన్వయించే వీలిస్తుంది. ఇరవై మూడు జిల్లాల పట్టికకు మాత్రం అంత సాధనం అక్కరలేదు.

ఈ మధ్య కొందరు పట్టికను ఒక కృత్రిమ మేధ సాధనానికి ఇచ్చి శుభ్రం చేసి ఇమ్మంటున్నారు. దాన్ని ఫార్ములా అడగడానికి వాడుకోండి. ఆ ఫార్ములాను మీ షీట్‌లో వేసి పరీక్షించుకోవచ్చు. అంకెలనే తిరిగి రాసి ఇమ్మంటే, ఎక్కడైనా ఒక అంకె మారితే పట్టుకునే దారి ఉండదు.

అంకెల్లా కనిపించే, సంఖ్యలు కానివి

ఇంతవరకు టెక్స్ట్‌ను సంఖ్యగా మార్చడం గురించి చెప్పాను. మన రెండు రాష్ట్రాల్లో భూమి వివరాలతో పనిచేసేవారికి అంతకన్నా పెద్ద చిక్కు దీనికి తలకిందులుగా ఉంటుంది, సంఖ్య కాకూడనిది సంఖ్య అయిపోతుంది.

సర్వే నంబరు 12/1 ను పేస్ట్ చేయగానే ఎక్సెల్ దాన్ని తేదీగా తీసుకుంటుంది. మన దేశపు అమరికలో అది జనవరి 12, అమెరికా అమరికలో డిసెంబరు 1. 2024లో జనవరి 12గా మారిన సెల్ లోపల ఉండేది 45303 అనే సంఖ్య. తరువాత ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చితే ఆ 45303 బయటపడుతుందే తప్ప 12/1 తిరిగి రాదు. బంధువుల భూమి పత్రాల పట్టిక సర్దుతూ నేనూ ఈ చిక్కులో పడి, నలభై వరుసలను మూలం చూసి చేత్తో దిద్దుకోవలసి వచ్చింది. ఇది మన ఒక్కరి బాధ కాదు. కొన్ని మానవ జన్యువుల పేర్లను ఎక్సెల్ మార్చి నెల తేదీలుగానో సెప్టెంబరు నెల తేదీలుగానో చేసేస్తుండడంతో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ స్వయంచాలక మార్పిడిని ఆపుకునే అమరికను ఎక్సెల్‌లో చేర్చింది. ఏ ఎక్సెల్‌లోనైనా పనిచేసే ఉపాయం మాత్రం ఒకటే. పేస్ట్ చేయకముందే ఆ కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ ఇచ్చి, పేస్ట్ స్పెషల్‌లో టెక్స్ట్ ఎంచుకోవాలి. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబర్లకూ, పదహారు అంకెల కార్డు నంబర్లకూ ఇదే వర్తిస్తుంది. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలనే నిలుపుకుని, పదహారో అంకెను సున్నా చేసేస్తుంది.

విస్తీర్ణం కాలమ్ ఇంకా సూక్ష్మమైనది. తెలంగాణ రికార్డుల్లో 2.15 అంటే రెండెకరాల పదిహేను గుంటలు. నలభై గుంటలు ఒక ఎకరం. 2.15, 1.30 లను షీట్ కూడితే 3.45 వస్తుంది, నిజానికి అది నాలుగెకరాల అయిదు గుంటలు. ఆంధ్రలో సెంట్ల లెక్క వాడే చోట నూరు సెంట్లు ఒక ఎకరం కాబట్టి అదే 2.15 మామూలు దశాంశంగా చక్కగా కూడుతుంది. రెండు రాష్ట్రాల పట్టికలను ఒకే ఫైల్‌లో కలిపేవారు ఈ తేడా గమనించకపోతే, ఏ శుభ్రపరిచే సాధనమూ వారికి అడ్డుపడదు. పైగా 2.20 సంఖ్యగా మారగానే 2.2 అని కనిపిస్తుంది, అది రెండెకరాల ఇరవై గుంటలా, రెండు గుంటలా అని తరువాత చూసేవారు సందేహపడతారు. అందుకే గుంటల కాలమ్‌ను టెక్స్ట్‌గానే ఉంచి, చుక్కకు ముందున్నది ఎకరాల కాలమ్‌లోకి, తరువాతది గుంటల కాలమ్‌లోకి విడదీసి, రెంటినీ కలిపి మొత్తం గుంటలుగా మార్చి కూడడమే సరైన దారి.

గీతల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గణాంకాల పట్టికలో సమాచారం లేని చోట ఒక గీతో, రెండు చుక్కలో పెడతారు. కొన్ని పట్టికల్లో అదే గీతకు సున్నా అని అర్థం. పట్టిక అడుగున ఉండే వివరణ చదవకుండా దాన్ని సున్నాగా మార్చకూడదు. సమాచారం లేదని తెలిస్తే సెల్‌ను ఖాళీగా వదలండి, సగటు వేసే ఫంక్షన్ ఖాళీని లెక్కలోకి తీసుకోదు.

ఎవరికి ఏది?

యాభై లోపు వరుసలు, ఒక్కసారి పని, ఒకే రకం లోపం అయితే ఫైండ్ అండ్ రీప్లేస్ వాడి, కౌంట్, కౌంట్‌ఏ పరీక్షతో ముగించండి. అంకెలు నివేదికకో, పత్రికకో, కోర్టు కాగితానికో వెళ్లేటట్టయితే పట్టిక ఎంత చిన్నదైనా ఫార్ములా కాలమ్‌నే ఎంచుకోండి, ముడి విలువ పక్కన నిలిచి ఉండడం అక్కడ అవసరం. అదే పట్టిక మూడోసారి తెస్తున్నారంటే పవర్ క్వెరీ నేర్చుకునే సమయం వచ్చినట్టే. ఎక్సెల్ లేనివారికి క్యాల్క్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్, నంబర్‌వాల్యూ రెండూ ఉన్నాయి, ఏమీ లోటు ఉండదు.

ఏ పద్ధతి వాడినా చివరి పరీక్ష పట్టిక బయట నుంచే రావాలి. జనగణన పట్టికకైతే అచ్చయిన మొత్తం ఉంది. తెలంగాణలో ఉన్న అప్పటి పది జిల్లాలకు 3,51,93,978, మిగతా పదమూడు జిల్లాలకు 4,93,86,799 రావాలి. ఇలా రెండు ముక్కలుగా పోల్చితే తప్పు ఎటువైపు ఉందో కూడా తెలుస్తుంది. అచ్చయిన మొత్తం లేని పట్టికలో కనిష్ఠం, గరిష్ఠం చూడండి. ఫుట్‌నోట్ అంకె అతుక్కున్న సంఖ్య పదింతలై గరిష్ఠంగా బయటపడుతుంది, చుక్క తప్పుగా నిలిచినది కనిష్ఠంగా కనిపిస్తుంది. ఆ తరువాత మొదటి వరుస, చివరి వరుస, మధ్యలో ఏవైనా ఎనిమిది వరుసలు తీసుకుని, వెబ్ పేజీని పక్కన తెరిచి, అంకె అంకె చదివి సరిచూసుకోండి.